ఎరువు పడని మొక్క

జూలై నెల వచ్చిందంటే మా న్యూజెర్సీ తెలుగువాళ్ళ కార్లు శనివారం పొద్దున్నే దక్షిణం దారి పడతాయి. వెనక సీట్లో పిల్లలు, ముందు సీట్లో ఇండియా నుంచి వచ్చిన అమ్మో అత్తగారో, డిక్కీలో పులిహోర, పెరుగన్నం, ఖాళీ బకెట్లు. హామంటన్ చుట్టుపక్కల "మీరే కోసుకోండి" అని బోర్డు పెట్టే బ్లూబెర్రీ తోటలకి ప్రయాణం. ఆ ఊరు తనను తాను ప్రపంచ బ్లూబెర్రీ రాజధాని అని చెప్పుకుంటుంది. తోటలో బకెట్లోకి చేరే పళ్ళకన్నా పిల్లల నోట్లోకి చేరేవే ఎక్కువ. లోపలికి వెళ్ళేటప్పుడూ బయటికి వచ్చేటప్పుడూ పిల్లల్ని కూడా తూకం వేస్తే తోటవాడికి న్యాయం జరుగుతుందని మా ఆయన ఏటా ఒకసారి అంటారు, మేం ఏటా ఒకసారి నవ్వుతాం.

ఈ పండు అనాదిగా ఇక్కడి పొలాల్లో పండుతున్నదేనని నేను చాలాకాలం అనుకున్నాను. సగం నిజం. పొద అనాదిగా ఉంది, పొలంలో మాత్రం లేదు. ఆపిల్ సముద్రం దాటి వలసవాళ్ళతో వచ్చింది. పీచ్ పండు పుట్టిల్లు చైనా. బ్లూబెర్రీ మాత్రం అచ్చంగా ఈ నేలబిడ్డ. లెనాపీలు మొదలైన ఇక్కడి మూలవాసులు వేల ఏళ్ళుగా అడవిలో ఏరుకుని తిన్నారు, ఎండబెట్టి చలికాలానికి దాచుకున్నారు. ఫ్రెంచి యాత్రికుడు షాంప్లేన్ 1615లో హ్యూరాన్ సరస్సు ప్రాంతంలో ఈ పళ్ళను ఎండబెట్టుకోవడం చూసి రాసుకున్నాడు. అయినా ఈరోజు మనం డబ్బాల్లో కొనే ఈ పెద్ద రకం, హైబుష్ బ్లూబెర్రీ, ఒకరు నాటి పెంచి కోసి అమ్మిన పంటగా మొదటిసారి బజారుకి వచ్చింది 1916లో. మా తాతగారు పుట్టిన సంవత్సరం అది. మామిడి పండుకి మన దగ్గర పురాణాలంత వయసు. ఈ పండుకి మా తాతగారి వయసు.

ఇదంతా నేను ఆసక్తి కొద్దీ నేర్చుకోలేదు. రెండు మొక్కలు చచ్చిపోతే నేర్చుకున్నాను.

2005 ఏప్రిల్‌లో అమ్మా నాన్నా మొదటిసారి మా ఇంటికి వచ్చారు. నాన్నది నూజివీడు ప్రాంతం. అప్పుడది కృష్ణా జిల్లా, ఇప్పుడు ఏలూరు జిల్లాలో చేరింది. జీవితమంతా మామిడి తోటలో గడిపిన మనిషి. ఇక్కడికి వచ్చిన వారానికే ఆయనకి పాలుపోలేదు. వంటింట్లో అమ్మకి పని ఉంది, ఆఫీసులో మాకు పని ఉంది, ఆయనకే లేదు. మిడిల్‌సెక్స్ కౌంటీలో మా ఇంటి వెనక ఉన్న కాస్త జాగాని పలుగుతో పొడిచి చూసి, "ఎర్రనేలేనే అమ్మాయ్, మన నేలలాగే ఉంది" అని సంబరపడ్డారు. ఎర్రటి షేల్ రాయి అరిగి తయారైన బంకమన్ను అది. రంగే మన నేలది, గుణం వేరు. నాకూ తెలియదు.

ఆయన కోసమే నర్సరీ నుంచి రెండు బ్లూబెర్రీ మొక్కలు తెచ్చాను. అప్పటికే పూత మీద ఉన్నాయి. తెల్లటి చిన్న చిన్న పూలు, మూతి బిగించి తలకిందులుగా వేలాడదీసిన కుండల్లా ఉంటాయి. నాన్న వాటిని చాలాసేపు చూశారు. గుంత తీసి, బస్తా ఆవు ఎరువు కొనిపించి కలిపారు. చలికాలంలో మేం కాల్చిన కట్టెల బూడిద గరాజులో డబ్బాలో ఉంటే, అది తెచ్చి మొదట్లో చల్లారు. ఆకుల మీద కూడా పలచగా దులిపారు, పురుగు రాకుండా. అమ్మ చేత కోడిగుడ్డు పెంకులు దాయించి నలగ్గొట్టి వేశారు. మన ఊళ్ళో ఏ మొక్కకైనా ఇంతకు మించిన మర్యాద లేదు.

జూన్ చివరికి ఆకులు పసుపుపచ్చగా తిరిగాయి. ఈనెలు మాత్రం పచ్చగా, మధ్యభాగం పాలిపోయి. నాన్న మరి కాస్త ఎరువు వేశారు. ఆగస్టుకి కొసలు ఎండాయి. అమ్మ కిటికీలోంచి చూస్తూ ఒకరోజు, "కంచె మీద వాక్కాయకి ఎవరు ఎరువేశారండీ? అడవి మొక్కని అట్లా వదిలేయరాదూ" అంది. నాన్న వినిపించుకోలేదు. ఇంటి వైద్యాన్ని ఎవరు వింటారు! సెప్టెంబరులో నేను ఫోనులో ఒక స్నేహితురాలితో, "మా నాన్న మొక్కల్ని ప్రేమతో చంపేశారు" అని నవ్వుతూ అన్నాను. తలుపు దగ్గర నాన్న నిలబడి ఉన్నారు. ఏమీ అనలేదు. మర్నాడు నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి రెండు మొక్కలూ లేవు, గుంతలు పూడ్చి నేల చదును చేసి ఉంది. అక్టోబరులో వాళ్ళు వెళ్ళిపోయారు. ఆ తర్వాత ఎన్నిసార్లు రమ్మన్నా అమ్మ ఒక్కతే వచ్చింది. మామిడి కాపు చూసుకోవాలని ఆయన చెప్పిన సాకు సాకు కాకపోవచ్చు కూడా. కాని ఆ ఫోను మాట నన్ను వదల్లేదు.

నాలుగేళ్ళ తర్వాత, 2009 జూన్‌లో, పిల్లల స్కూలు స్నేహితుల వెంట వైట్స్‌బాగ్ అనే చోట జరిగే బ్లూబెర్రీ పండుగకి వెళ్ళాం. దక్షిణ న్యూజెర్సీలో పైన్ బారెన్స్ అని పెద్ద అడవి ఉంది. పదకొండు లక్షల ఎకరాల దాకా విస్తరించిన ఇసుక నేల, పైన్ చెట్లు, టీ డికాషన్ రంగు నీటితో పారే వాగులు. 1978లో దీన్ని జాతీయ రిజర్వుగా ప్రకటించారు. టర్న్‌పైక్ మీద అటూ ఇటూ పోయే మనకి ఈ రాష్ట్రంలో అంత అడవి ఉందంటే నమ్మబుద్ధి కాదు. ఆ అడవి మధ్యలో ఒక పాత క్రాన్‌బెర్రీ పల్లె వైట్స్‌బాగ్. 1967లో రాష్ట్ర ప్రభుత్వం కొన్నది, ఇప్పుడు సంరక్షిత గ్రామం. అక్కడ ఒక బోర్డు ముందు నిలబడి చదువుతుంటే నాన్న చేసిన తప్పు నాకు కనబడింది. అక్కడ రాసి ఉన్నది నాన్న పేరు కాదు, అమెరికా రైతులందరి పేరూ.

సంగతి ఇదీ. పంతొమ్మిదో శతాబ్దమంతా ఇక్కడి వాళ్ళు అడవిలోంచి బ్లూబెర్రీ పొదలు తవ్వి తెచ్చి పెరట్లో నాటేవారు. మంచి తోటమట్టి, సున్నం, పేడ ఎరువు వేసేవారు. మొక్కలు పాలిపోయి చచ్చేవి. ఈ పొదని మచ్చిక చేయడం మనిషి వల్ల కాదు అన్న నిర్ణయానికి వచ్చేశారు. ఆ నిర్ణయాన్ని ఒప్పుకోనివాడు ఫ్రెడరిక్ కోవిల్. 1867లో పుట్టాడు, అమెరికా వ్యవసాయ శాఖలో వృక్షశాస్త్రవేత్త. న్యూహ్యాంప్‌షైర్‌లో గ్రీన్‌ఫీల్డ్ అనే ఊళ్ళో ఆయనకి వేసవి ఇల్లు ఉండేది. 1906లో ప్రయోగాలు మొదలుపెట్టాడు. 1908లో ఆ ఊరి పచ్చికబీడులో అర అంగుళం మించిన పళ్ళు కాసే ఒక అడవి పొద దొరికింది. బీడు యజమాని ఇంటిపేరు మీద దానికి బ్రూక్స్ అని పేరు పెట్టాడు.

కోవిల్ చేసిన పని చెప్పుకోవడానికి తేలిక. ఇవే మొక్కల్ని రకరకాల మట్టిలో పెంచి చూశాడు. బలమైన తోటమట్టిలో పెట్టినవి జబ్బుపడ్డాయి. పీట్ అనే కుళ్ళిన నాచుమట్టిలో, పుల్లటి మట్టిలో, ఏ రైతూ విత్తనం వేయని మట్టిలో పెట్టినవి బలిశాయి. సున్నం దానికి విషం. ఎరువు ఎక్కువైనా విషమే. 1910 నవంబరులో ఇదంతా వ్యవసాయ శాఖ 193వ నంబరు బులెటిన్‌గా అచ్చు వేశాడు. మట్టి పులుపుని కొలవడానికి మనం ఇప్పుడు వాడే పీహెచ్ అన్న లెక్కని డెన్మార్క్ శాస్త్రవేత్త సోరెన్‌సెన్ ప్రతిపాదించింది అంతకు ఏడాది ముందే, 1909లో. దాన్ని బట్టి కోవిల్ పని ఎంత చీకట్లో మొదలైందో ఊహించుకోండి.

ఎందుకిలా అన్నది ఇప్పుడు మనకి ఇంకాస్త వివరంగా తెలుసు. ఈ జాతి మొక్కల వేళ్ళకి మామూలు మొక్కలకుండే నూగు వేళ్ళు ఉండవు. ఆ పని వేళ్ళలో కాపురముండే ఒక రకం శిలీంధ్రం చేసిపెడుతుంది. పుల్లటి మట్టిలో ఇనుము కరిగి ఉంటుంది, మొక్క తీసుకుంటుంది. బూడిద, సున్నం, గుడ్డు పెంకు, ఇవన్నీ మట్టిలో పులుపుని చంపుతాయి. ఇనుము మట్టిలోనే ఉంటుంది గాని మొక్కకి అందదు. ఆకులు పసుపుపచ్చగా, ఈనెలు పచ్చగా మారడం ఇనుము అందకపోవడానికి గుర్తు. అంటే నాన్న ఎంత శ్రద్ధగా చూస్తే ఆ మొక్క అంత ఆకలితో చచ్చింది. అమ్మ చెప్పిన వాక్కాయ మాటకి శాస్త్రం ఇదీ. రెండు మొక్కలకీ చుట్టరికం లేదు, కాని ఆవిడ తర్కం వాషింగ్టన్‌లో అచ్చయిన బులెటిన్‌తో సరిపోయింది.

ఆ బులెటిన్ 1911లో వైట్స్‌బాగ్ చేరింది. అక్కడ మూడువేల ఎకరాల ఎస్టేటు జోసెఫ్ వైట్ అనే క్వేకర్ మతస్థుడిది. క్రాన్‌బెర్రీ పండించేవాడు. నలుగురు ఆడపిల్లలు. పెద్దమ్మాయి ఎలిజబెత్ 1871లో పుట్టింది, పెళ్ళి చేసుకోలేదు, తండ్రి పక్కనే పొలం పని చూసేది. క్రాన్‌బెర్రీ కోత సెప్టెంబరు, అక్టోబరుల్లో. మడుల మధ్య మిగిలిన గట్టు నేలలో అడవి బ్లూబెర్రీ పొదలు వాటంతట అవే పెరిగేవి. జూలైలో కాపుకొచ్చే ఈ పండు దొరికితే క్రాన్‌బెర్రీకి ముందు మరో పంట అవుతుందని ఆమెకి చిన్నప్పటి నుంచీ ఆశ. బులెటిన్ చదవగానే కోవిల్‌కి ఉత్తరం రాసింది. నేల మాది, మనుషులు మావాళ్ళు, విద్య మీది, కలిసి చేద్దాం అన్నది ఆ ఉత్తరం సారాంశం. అప్పటికి ఆమెకి నలభై ఏళ్ళు నిండలేదు. ఆ పొత్తు 1937లో కోవిల్ చనిపోయేదాకా సాగింది.

ఆమె చేసిన పని నాకు కోవిల్ చేసిన దానికన్నా గొప్పగా అనిపిస్తుంది. శాస్త్రవేత్త మట్టి కనిపెట్టాడు సరే, మంచి పొద ఎక్కడ ఉంది? లక్షల పొదల్లో ఏది తీపి, ఏది పెద్దది, ఏ పండు చర్మం మంచిది? అది తెలిసింది అడవిలో పళ్ళేరి అమ్ముకుని బతికే పైన్ బారెన్స్ జనానికే. ఎలిజబెత్ వాళ్ళకి కబురు పెట్టింది. ఒక్కొక్కరికి ఒక కొలబద్ద ఇచ్చింది. దానికి అంగుళంలో ఎనిమిదింట అయిదు వంతుల వెడల్పున్న రంధ్రం. ఆ రంధ్రంలోంచి జారని పండు కాసిన పొద కావాలి. పండ్లు దాచడానికి సీసాలు, కట్టడానికి చీటీలు. పొద చూపించినందుకు డబ్బు, మళ్ళీ వచ్చి దారి చూపించినందుకు ఆ పూట కూలి. అన్నిటికన్నా పెద్ద బహుమానం, దొరికిన పొదకి కనిపెట్టినవాడి పేరు. వందకు పైచిలుకు పొదలు అలా చేరాయి. ఆడమ్స్, డన్ఫీ, హార్డింగ్, గ్రోవర్, సూయ్. వాటిలో నిలబడినవి కొన్నే, మిగతావి రెండో పరీక్షలో పోయాయి. చీటీల మీది పేర్లు మాత్రం ఎలిజబెత్ తర్వాతి రాతల్లో భద్రంగా ఉన్నాయి.

పేర్ల దగ్గర తమాషాలు కూడా జరిగాయి. సామ్ లెమన్ అనే ఆయన ఒక పొద తెచ్చాడు. తీపి పండుకి నిమ్మకాయ అని పేరెలా పెడతాం? అందుకని సామ్ అన్నారు. ఇంకొకాయన పేరు రూబ్ లీక్. ఆయన పొద అన్నిటిలోకీ మేలైనదని తేలింది. కాని ఇంగ్లీషులో రూబ్ అంటే పల్లెటూరి బైతు అని వెక్కిరింత. లీక్ అంటే ఉల్లిజాతి కాడ. అంత దొడ్డ పొదకి రూబ్ అన్న పేరు బాగాలేదని కోవిల్ అభ్యంతరం. చివరికి రూబ్‌కి ఇంటిపేరులో మొదటి అక్షరం తగిలించి రూబెల్ అన్నారు. వినడానికి ఫ్రెంచి దొరసానిలా ఉంటుంది. ఈరోజుకీ నర్సరీల్లో రూబెల్ అమ్ముతున్నారు. అడవిలో దొరికింది దొరికినట్టు, ఏ సంకరమూ లేకుండా, కొమ్మల ద్వారా వందేళ్ళకు పైగా కొనసాగుతున్న పొద.

ఈ పేర్లు పెట్టడం మామూలు విషయం కాదని నాకు తర్వాత తెలిసింది. అదే కాలంలో, 1913లో, వైన్‌లాండ్‌లోని ఒక సంస్థ తరఫున ఎలిజబెత్ కైట్ అనే పరిశోధకురాలు పైన్ బారెన్స్ జనం మీద ఒక నివేదిక అచ్చువేయించింది. వాళ్ళని పైనీలు అనేవారు. వాళ్ళు మందబుద్ధులు, తాగుబోతులు, నీతి లేనివాళ్ళు అన్న భావం దేశమంతా పత్రికల్లో వ్యాపించింది. ఆ ఏడాదే గవర్నర్ జేమ్స్ ఫీల్డర్ అడవికి వచ్చి చూసి, ఈ జనాన్ని మిగతా సమాజం నుంచి వేరుచేయాలన్న ధోరణిలో మాట్లాడాడు. యూజెనిక్స్ పిచ్చి తలకెక్కిన రోజులవి. అప్పుడు రాజధానిలో మందబుద్ధి అనిపించుకున్న మనిషి, ఇక్కడ చిత్తడి నేలలో మోకాలి లోతున నడిచి, వేల పొదల్లోంచి ఒక్క పొదని గుర్తుపట్టి, దారి తప్పకుండా మళ్ళీ అక్కడికి తీసుకెళ్ళగలిగిన మనిషి ఒకరే. ఎలిజబెత్ వైట్ వాళ్ళ పక్షాన నిలబడింది, తనూ పైనీనేనని గర్వంగా చెప్పుకునేది.

ఇంత చెప్పి ఆమెని దేవతని చేస్తే నేను చరిత్ర రాసినట్టు కాదు. 1910 సెప్టెంబరులో లూయిస్ హైన్ అనే ఫొటోగ్రాఫర్ బాలకార్మికుల సంఘం తరఫున ఇదే వైట్స్‌బాగ్‌కి కెమెరాతో వచ్చాడు. ఫిలడెల్ఫియా నుంచి ఇటాలియన్ కుటుంబాలని పాద్రోనే అనే మేస్త్రీలు క్రాన్‌బెర్రీ కోతకి తీసుకొచ్చేవారు. మన కోస్తా జిల్లాల నుంచి రంగూనుకి కూలీలని తోలుకుపోయిన మేస్త్రీల కథ తెలిసినవాళ్ళకి ఆ పద్ధతి వివరించక్కర్లేదు. హైన్ తీసిన ఒక ఫొటోలో రోజ్ అనే పదేళ్ళ పిల్ల పళ్ళు మోస్తూ ఉంటుంది. మూడు వేసవులుగా పనిచేస్తోందని, బడి తెరిచి నాలుగో వారమని ఆయన కింద రాసుకున్నాడు. ఆ ఆరోపణలు అతిశయోక్తి అని ఎలిజబెత్ వైట్ చాలా ఏళ్ళు సభల్లో, పత్రికల్లో వాదించింది. ఆ ఫొటో చూశాక ఆ వాదన నాకు ఎక్కలేదు. పొద దొరికించినవాడికి పేరిచ్చిన ఆవిడే, పళ్ళు మోసిన పిల్ల విషయంలో యజమాని కూతురిలా మాట్లాడింది. రెండూ ఆమే.

తర్వాతి కథ వేగంగా సాగింది. కోవిల్ బ్రూక్స్‌నీ సూయ్‌నీ కలిపి పుట్టించిన సంకరాల్లోంచి 1920లో పయనీర్ అనే రకం వచ్చింది. ఇలా ఆయన విడుదల చేసిన రకాలు పదికి పైనే. 1927లో న్యూజెర్సీ రైతుల బ్లూబెర్రీ సహకార సంఘం పెట్టడంలో ఎలిజబెత్ పాత్ర ఉంది. పళ్ళ డబ్బాకి పైన సెలోఫేన్ కాగితం చుట్టి లోపలి సరుకు కనబడేలా అమ్మడం ఆమె ఆలోచనేనంటారు. 1952లో వచ్చిన బ్లూక్రాప్ ప్రపంచంలో ఎక్కువగా నాటిన రకాల్లో ఒకటయింది. 1954లో ఎలిజబెత్ పోయింది, 1966లో ఆమె పేరు మీద ఒక రకం వచ్చింది. కోవిల్ పేరుతో అంతకు ముందే 1949లో ఒకటి ఉంది. పెళ్ళి సంబంధాలకి గోత్రాలు చూసినట్టు ఇప్పటి రకాల వంశవృక్షాలు తిరగేస్తే చాలావాటిలో బ్రూక్స్, సూయ్, రూబెల్ తాతలుగా కనబడతారు. 2004లో హైబుష్ బ్లూబెర్రీని న్యూజెర్సీ రాష్ట్ర ఫలంగా చట్టం చేశారు. అడిగింది బ్రిక్ అనే ఊరి నాలుగో తరగతి పిల్లలు.

వైట్స్‌బాగ్ నుంచి వచ్చిన రాత్రి, అంటే ఇండియాలో పొద్దున, నాన్నకి ఫోను చేశాను. మామిడి కాపు ఎలా ఉంది, వర్షం పడిందా, అన్నీ అయ్యాక కోవిల్ సంగతి ఎత్తాను. వందేళ్ళ కిందట ఇక్కడి రైతులంతా సరిగ్గా మీలాగే ఎరువు వేసి, సున్నం వేసి చంపారట నాన్నా, ఆ మొక్కకి బలం పడదట, బూడిద అసలే పడదట, అని చెప్పాను. ఫోనులో చాలాసేపు ఏమీ వినిపించలేదు. లైను పోయిందేమో అనుకున్నాను. తర్వాత నవ్వారు. "అయితే అమెరికా వాళ్ళూ నా శిష్యులేనన్న మాట!" అన్నారు. వెంటనే ప్రశ్నలు మొదలయ్యాయి. పులుపు ఎంత ఉండాలి, దేనితో తెస్తారు, నీళ్ళు ఎట్లా. ఆ ఫోను గంట సాగింది.

ఆ ప్రశ్నలకి జవాబులు వెతుకుతూనే మళ్ళీ నాటాను. కౌంటీలో ఉన్న రట్గర్స్ ఎక్స్‌టెన్షన్ ఆఫీసు ద్వారా మట్టి పరీక్ష చేయిస్తే మా పెరడు పీహెచ్ 6.8 అని తేలింది. ఈ మొక్కకి కావలసింది 4.5 నుంచి 5 దాకా. అంకెల్లో దూరం తక్కువ కనిపిస్తుంది గాని ఒక్కొక్క అంకెకీ పదిరెట్లు తేడా. మీలో ఎవరైనా నాటదలిస్తే తొందరపడకండి. గంధకం పొడి ముందు ఏడాదే వేయాలి. మట్టిలోని సూక్ష్మజీవులు దాన్ని పులుపుగా మార్చడానికి నెలలు పడుతుంది. నేను 2009 శరదృతువులో వేసి, 2010 వసంతంలో పీట్ మాస్ కలిపిన ఎత్తు మడిలో రెండు మొక్కలు నాటాను. ఒకటి బ్లూక్రాప్, రెండోది రూబెల్. రెండు రకాలు ఉంటే పరపరాగం బాగా జరిగి కాయ పెద్దదవుతుంది. తేనెటీగల కన్నా మన తుమ్మెద లాంటి బంబుల్‌బీలే ఈ పనిలో ఘనులు, పువ్వుని పట్టుకుని గుయ్యిమని అదిలించి పుప్పొడి రాలుస్తాయి. పైన్ ఆకుల మల్చ్ నాలుగు అంగుళాలు పరిచాను. వేళ్ళు పైపైనే ఉంటాయి కాబట్టి వారం నీళ్ళు మరిచిపోతే మొక్క మొహం వేలాడేస్తుంది. మొదటి రెండేళ్ళు పూలు తుంచేయమన్నారు. ఇది చేయడానికి నాకు చేతులు రాలేదు, సగం తుంచాను.

మూడో ఏడు గిన్నెడు పళ్ళు, అయిదో ఏడు బకెట్. ఆరేళ్ళు దాటిన కొమ్మల్ని చలికాలం చివర్లో మొదటికంటా కోసేయాలి, కొత్త కొమ్మలే కాస్తాయి. పిట్టలకి వల కట్టాలి. నేను ఒక పొదకే కడతాను. రూబెల్ పండు ఇప్పటి రకాల పక్కన చిన్నదే, తీపితోపాటు అడవి పులుపు కూడా ఉంటుంది. దాన్ని పచ్చిమిరపకాయ, మెంతి, ఇంగువ పోపుతో పచ్చడి చేస్తే వాక్కాయ పచ్చడిని గుర్తుకు తెస్తుంది. అమ్మ ఒప్పుకుంది, "వాక్కాయ కాదు గాని, పరవాలేదు" అని. అక్టోబరులో ఆకులన్నీ ఎర్రబడి పొద మొత్తం కుంకుమ రంగు అవుతుంది. ఆ రంగు చూసి ఇరుగుపొరుగు వాళ్ళు అడుగుతారు, ఏం మొక్క అని. ఈ ఊరిదే అని చెబితే ఆశ్చర్యపోతారు.

ఆ ఫోను సంభాషణల్లో నాన్న ఒకసారి, కొమ్మ తెస్తే మన ఊళ్ళో బతుకుతుందా అని అడిగారు. దీనికీ కోవిలే జవాబు చెప్పాడు. చలి మొక్కని నిద్రపుచ్చుతుందని అందరూ అనుకునేవారు. లేపడానికి కూడా చలే కావాలని ఆయన 1920లో చూపించాడు. వెచ్చటి గాజు ఇంట్లో చలికాలం గడిపిన బ్లూబెర్రీ మొక్క వసంతం వచ్చినా చిగురించలేదు. అదే మొక్క కొమ్మ ఒకటి అద్దం సందులోంచి బయటి చలిలోకి పెడితే ఆ ఒక్క కొమ్మే చిగురించింది. మా పెరటి రకాలకి 7 డిగ్రీల సెల్సియస్ లోపు చలి ఎనిమిది వందల గంటల పైన కావాలి. నూజివీడులో ఎన్ని సంక్రాంతులు కలిపితే అంత చలి వస్తుంది? ఫ్లోరిడాలో తక్కువ చలితో కాసే రకాలు తర్వాత పుట్టించారు, ఇప్పుడు పెరూ నుంచి వచ్చే పళ్ళు హైదరాబాదు దుకాణాల్లో కూడా దొరుకుతున్నాయి. ఇదంతా విని, "పోనీలే, అక్కడే ఉండనీ" అన్నారు నాన్న.

నాన్న 2014లో పోయారు. మళ్ళీ ఇక్కడికి రాలేదు, రూబెల్ పొదని ఫొటోలోనే చూశారు. ఒక్క విషయం మాత్రం ఆయన మూడు నాలుగుసార్లు అడిగారు, నేను చెప్పింది మరిచిపోయి కాదు, నమ్మకం కుదరక.

"ఆ పొద చూపించిన రూబ్ అనే ఆయనకి ఎంత ఇచ్చారన్నావు?"

"కొద్ది డాలర్లు నాన్నా. దారి చూపించిన పూటకి కూలి."

"అంతేనా?"

"పేరు పెట్టారుగా."

"పేరు సరేలే, సగం మార్చారుగా," అనేవారు.